అమ్మ మీద పడ్డ మాట

“ఈ ట్యూబు ఎవరిచ్చారు నీకు?”

స్నానాల గది గుమ్మానికి అడ్డంగా నిలబడి భర్త అడిగిన ఆ ప్రశ్నకి పిచ్చుక ఉన్నచోటే ఆగిపోయింది! సబ్బుపొడి డబ్బా అడుగున, ప్లాస్టిక్ కవరులో చుట్టి మరీ దాచిన ఆయింట్‌మెంట్ ట్యూబు అది. ఇంట్లో బట్టలు ఉతికేది తనే కాబట్టి ఆ డబ్బా జోలికి ఇంకెవరూ రారనుకుంది... సెలవు పూట ఖాళీగా ఉన్నానని, గ్రీజు మరకల ప్యాంట్లు తానే నానబెట్టుకుందామని ఆయనకి బుద్ధి పుడుతుందని ఎవరు మాత్రం అనుకుంటారు!

“మందుల షాపులో కొనుక్కున్నానండీ... ఒళ్లు పేలితేనూ...”

“ఒళ్లంటే ఎక్కడ?”

ఆమె నోరు పెగల్లేదు.

“నేను చెప్పనా ఎక్కడో? నాకూ అక్కడే మంట! ఎవరికి చెప్పుకోవాలో తెలియక కొన్నాళ్లుగా నాలో నేనే చస్తున్నాను. నేనెక్కడికీ పోలేదు, నా సంగతి నాకు తెలుసు. మరి నువ్వు? ఈ రోగం ఎక్కడ నుంచి తెచ్చావు?”

ఆ మాట చివర గొంతు పెరిగింది. వంటింట్లో కూరగాయలు తరుగుతున్న చప్పుడు ఠక్కున ఆగిపోయింది. అమ్మ విన్నది! పిచ్చుక తల తిరిగిపోయింది. సిగ్గుతో కాదు... ఈ వాక్యాన్ని, అక్షరం పొల్లుపోకుండా, తను ఇంతకుముందు ఒకసారి విని ఉంది కనుక! అప్పుడు తనకి ఆరేళ్లు. అరిచింది నాన్న. తల వంచుకుని నిలబడింది అమ్మ.

“ఊళ్లు పట్టుకు తిరిగేది మీరు! రాత్రిళ్లు లాడ్జీల్లో పడుకునేది మీరు! నన్నడుగుతారేం?” అని అరిచింది పిచ్చుక, ఏడుపు ఆపుకుంటూ.

ఆయన ట్యూబుని గోడకేసి కొట్టి బయటకి వెళ్లిపోయాడు.

పిచ్చుక అన్నది ముద్దుపేరు. చిన్నప్పుడు సన్నగా, గలగలా వాగుతూ ఉండేదని అమ్మ పెట్టిన పేరు అలాగే నిలిచిపోయింది. ఇప్పుడామెకి ముప్పై అయిదు దాటాయి. స్కూలు యూనిఫాంలు కుట్టే కేంద్రంలో పని. భర్త లిఫ్టు మెకానిక్. ఎక్కడ లిఫ్టు ఆగిపోతే అక్కడికి పెట్టె పుచ్చుకుని పరిగెత్తాలి. నవ్వించే మనిషి. ‘మీ అమ్మాయిని కింది అంతస్తులోనే ఎక్కించుకున్నాను అత్తయ్యా, మధ్యలో దింపేది లేదు’ అని అమ్మతో పరాచికాలాడేవాడు. ఒక పాప. స్కూలు నుంచి రాగానే అమ్మమ్మ కొంగు వదలదు. అమ్మ వీళ్ల దగ్గరే ఉంటుంది. చూసేవాళ్లకి ముచ్చటైన సంసారం!

కానీ కొన్ని నెలలుగా ఆ ఇంట్లో ఏదో పురుగు దూరినట్టయింది... మొదట దురద. ఆ తర్వాత మంట. కుట్టు మిషను ముందు గంటల తరబడి కూర్చోవాలి, కదలకూడదు, చెప్పుకోకూడదు. పెదవి కొరుక్కుంటూ కాలర్లు కుట్టేది. దాహం... ఎన్ని నీళ్లు తాగినా తీరని దాహం! తాగిన నీళ్లకి తగ్గట్టు బాత్రూముకి పరుగులు. ‘నీ మిషను దగ్గర కన్నా ఆ తలుపు దగ్గరే ఎక్కువ కనబడుతున్నావు’ అని సూపర్‌వైజరమ్మ దెప్పితే పక్కవాళ్లు కిసుక్కున నవ్వారు. మందుల షాపులో మగవాళ్ల వెనక నిలబడి, అందరూ వెళ్లేదాకా ఆగి, గుసగుసగా అడిగితే కౌంటరు వెనక కూర్చున్నతను ఒక చూపు చూశాడు... ఆ చూపుకే సగం ప్రాణం పోయింది. రాస్తే తగ్గేది. ఆపితే మళ్లీ వచ్చేది.

మనసులో అనుమానం మొలిచింది కూడా అప్పుడే. ఇలాంటివి ఊరికే వస్తాయా? ఆయన తెచ్చిపెట్టి ఉంటాడా? పొరుగూళ్ల నుంచి వచ్చిన భర్త చొక్కాలు ఉతికే ముందు ముక్కు దగ్గర పెట్టుకుని చూసేది. గ్రీజు వాసన, చెమట వాసన తప్ప ఏమీ ఉండేది కాదు. ‘గ్రీజు వాసన కింద సెంటు వాసన దాగదా ఏం?’ అని మళ్లీ వాసన చూసేది. అటు ఆయన తక్కువ తిన్నాడా! దగ్గరికి వస్తే వంక పెట్టి తప్పుకుంటున్న భార్యని చూసి, ఆయన బుర్రలోనూ ఏదో తిరగడం మొదలైంది. ఈ దారిన పోతూ ఆగానని కుట్టు కేంద్రం గేటు దగ్గర ప్రత్యక్షమయ్యేవాడు. బట్టల తానులు దించే వ్యాను డ్రైవరుతో ఆమె రెండు మాటలు మాట్లాడితే, ఇంటికొచ్చేదాకా మూతి ముడుచుకునేవాడు. ఇద్దరూ ఒకే మంచం మీద, చెరో గోడ వైపు తిరిగి, చెరొక నేరాన్ని అవతలివాళ్ల నెత్తిన రుద్దుతూ పడుకునేవాళ్లు. ట్యూబు దొరికిన రోజు నుంచి ఆ మంచం కూడా ఒకటి కాకుండా పోయింది. ఆయన పక్క ముందుగదిలోకి మారింది.

కానీ పిచ్చుకని లోలోపల తినేస్తున్నది ఇంకొకటి ఉంది. అది ఎవరికీ చెప్పుకునేది కాదు...

నాన్న అమ్మని వదిలేసింది ఆ మాట అన్న రోజే. వరస ఇళ్ల మధ్య వాకిట్లో, తన అక్కగారి ముందు, ఇరుగుపొరుగు ముందు అమ్మని నిలబెట్టి, ‘ఈ రోగం ఎక్కడ నుంచి తెచ్చావు?’ అని అరిచాడు. అమ్మ ఒక్క మాట మాట్లాడలేదు. సంచీలో రెండు చీరలు, పిచ్చుక గౌనులు సర్దుకుని, దాని చెయ్యి పట్టుకుని బయటకి నడిచింది. చిన్నపిల్లల బడిలో ఆయాగా చేసి పెంచింది. ఆ మాటకి అర్థం పిచ్చుకకి పదిహేనో ఏట తెలిసింది. తెలిసిననాటి నుంచి ఒక ముల్లు... అమ్మ ఎందుకు మాట్లాడలేదు? తప్పు లేకపోతే తిరగబడదా? బడి మాస్టారు ఎవరైనా గుమ్మం దాకా వచ్చి మాట్లాడితే తలుపు చాటు నుంచి ఇద్దరి మొహాలూ చూసేది. తన పెళ్లిలో నాన్న వచ్చి, అమ్మ ఎదురుపడగానే మొహం తిప్పుకుని వెళ్లిపోతే, ‘ఏదో ఉండే ఉంటుంది’ అనుకుంది. కన్నకూతురే అనుకుంది! ఇప్పుడు అదే మాట తన మీద పడ్డాక తెలిసింది, తప్పు లేకపోయినా నోరు ఎందుకు పెగలదో!

మర్నాడు పొద్దున పాపని స్కూలుకి పంపి, అమ్మ చీర మార్చుకుని వచ్చి ఎదురుగా నిలబడింది.

“పద. డాక్టరమ్మ దగ్గరికి.”

“ఎందుకే? నాకేం లేదు...”

“నాకు చెవులున్నాయమ్మా. కళ్లూ ఉన్నాయి. నువ్వు ఎలా కూర్చుంటున్నావో, ఎలా లేస్తున్నావో నెలల నుంచి చూస్తున్నాను. అడగడానికే నోరు రాలేదు. పద!”

పిచ్చుకకి చురుక్కుమంది. ‘ఎలా కూర్చుంటే ఏమిటో ఈవిడకి ఎలా తెలుసు?’ ఆ పాడు అనుమానం మళ్లీ పడగెత్తింది. “నీకెందుకే అంత కంగారు? నీకేం తెలుసు దీని గురించి?” అంది, మాట కాస్త పదునుగానే.

అమ్మ మొహం పాలిపోయింది. “అప్పుడు నేను డాక్టరు దగ్గరికి వెళ్లలేదు. అందుకే నువ్వు వెళ్లాలి” అని మాత్రం అంది.

వీధి చివరి క్లినిక్కులో డాక్టరమ్మ జ్వరాలకీ దగ్గులకీ, పిల్లల టీకాలకీ అందరికీ తెలిసిన మనిషే. పాపకి గవదబిళ్లలు వస్తే ఆవిడే చూసింది. బెంచీల మీద అందరూ తెలిసినవాళ్లే. బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి తలెత్తకుండా “ఏంటి ప్రాబ్లం?” అని గట్టిగా అడిగింది. దగ్గుతున్న ఒక పెద్దాయన కూడా దగ్గు ఆపి మరీ ఇటు చూసినట్టనిపించింది.

“తలనొప్పి” అంది పిచ్చుక.

లోపల డాక్టరమ్మతోనూ అదే అంది. డాక్టరమ్మ బీపీ చూసింది, కళ్లలోకి లైటు వేసింది, నిద్ర పడుతోందా అని అడిగింది. ఏవో మాత్రలు రాయబోయింది. పిచ్చుక లేచి తలుపు దాకా వెళ్లింది. గడియ మీద చెయ్యి వేసింది. చెయ్యి తిరగలేదు... వెనక్కి తిరగకుండానే, తలుపుతో చెబుతున్నట్టు, “డాక్టరమ్మా... కింద... బాగా దురదగా ఉంటోంది” అంది.

“అలాగా! రండి, కూర్చోండి” అంది డాక్టరమ్మ, రాస్తున్న పెన్ను పక్కన పెట్టి. ఆవిడ గొంతులో ఆశ్చర్యం లేదు, అసహ్యం లేదు. దగ్గు గురించి ఎలా అడుగుతుందో అలాగే అడిగింది. ఎన్నాళ్ల నుంచి, తెల్లబట్ట అవుతోందా, వాసన ఉందా, మూత్రానికి ఎన్నిసార్లు వెళ్తున్నారు, దాహం వేస్తోందా, భర్తతో కలిసినప్పుడు నొప్పి ఉంటోందా... ఎవరూ ఏనాడూ అడగని ప్రశ్నలు! జవాబు చెబుతూ చెబుతూ పిచ్చుక వెక్కి వెక్కి ఏడ్చింది. తెర చాటున పరీక్ష చేసింది డాక్టరమ్మ. చిన్న పుల్లకి చుట్టిన దూదితో నమూనా తీసి సీసాలో పెట్టింది. ఆ తర్వాత వేలి కొసన సూది గుచ్చి, నెత్తుటి చుక్కని మిషనుకి అంటించింది. అంకె చూసి తల ఊపింది.

“మీకు షుగర్ ఉందమ్మా. ఉండాల్సిన దానికి రెట్టింపు దాటింది. పాప కడుపులో ఉన్నప్పుడు షుగర్ వచ్చిందని ఎవరైనా చెప్పారా?”

“చెప్పారండీ... కాన్పయ్యాక తగ్గిపోయిందన్నారు.”

“తగ్గినా ఏటేటా పరీక్ష చేయించుకోవాలి. ఆ మాట మీకు గట్టిగా చెప్పి ఉండాల్సింది.” డాక్టరమ్మ నిట్టూర్చింది. “ఈ దురద ఫంగస్ అనే ఒక రకం బూజు వల్ల. అది మామూలుగానే చాలామంది ఆడవాళ్ల ఒంట్లో ఓ మూల ఉంటుంది. షుగర్ పెరిగితే దానికి అడ్డూ ఆపూ ఉండదు. ఎన్ని ట్యూబులు రాసినా మళ్లీ మళ్లీ వచ్చేది అందుకే. వేరే జబ్బేమైనా ఉందేమో అని నమూనా ల్యాబుకి పంపుతాను. నాకు కనిపిస్తున్నది మాత్రం ఇదే.”

“మరి... మా ఆయనకీ మంట అంటున్నారు...”

“మీకుంటే ఆయన చర్మానికీ మంట పుట్టవచ్చు. అంతమాత్రాన ఎవరో ఎక్కడికో వెళ్లొచ్చారని అర్థం కాదు. ఆయన్నీ పంపించండి. మీ ఇంట్లో షుగర్ ఇంకెవరికైనా ఉందా? అమ్మకి?”

“అమ్మకి ఉంది. మాత్రలు వేసుకుంటుంది. బయటే కూర్చుంది.”

అమ్మని లోపలికి పిలిచారు. డాక్టరమ్మ చెప్పింది విని, అమ్మ కుర్చీ అంచు మీద కొంగు బిగించి పట్టుకుని కూర్చుంది. షుగర్ అన్నది వినబడలేదేమో అనిపించేంత నిశ్చలంగా! చాలా చిన్న గొంతుతో అడిగింది.

“డాక్టరమ్మా... ఈ దురద... ఏ తప్పూ చేయని ఆడదానికి కూడా వస్తుందా?”

డాక్టరమ్మ కుర్చీ ముందుకి జరుపుకుని అమ్మ చేతి మీద చెయ్యి వేసింది.

“వస్తుంది పెద్దమ్మా. షుగర్ ఉంటే వస్తుంది, కడుపుతో ఉంటే వస్తుంది, జ్వరానికి గట్టి మందులు వాడితే వస్తుంది. ఒక్కోసారి ఏ కారణం లేకుండానూ వస్తుంది. నూటికి డెబ్భై మందికి పైగా ఆడవాళ్లకి ఎప్పుడో ఒకప్పుడు వచ్చేదే ఇది. దీనికీ నడతకీ ఏ సంబంధం లేదు. మీకూ వచ్చిందా?”

అప్పుడు అమ్మ చెప్పింది... కూతురి వైపు చూడకుండా, డాక్టరమ్మ బల్ల మీది గాజు పలక వైపు చూస్తూ చెప్పింది. పిచ్చుక తర్వాత ఇంకొక బిడ్డ. మగపిల్లాడు. చాలా పెద్దగా, బొద్దుగా పుట్టాడు. ఊపిరి మాత్రం అందుకోలేదు. ఆ దుఃఖంలో ఉండగానే ఈ మంట మొదలైంది. ఎవరికి చెప్పుకుంటుంది? ఆయనకి చెబితే ఆయన ఎవరినో అడిగాడు. ఆ ఎవరో ఏదో నూరిపోశారు...

“అంత పెద్ద బిడ్డ పుట్టాడంటే అప్పటికే మీకు షుగర్ ఉండి ఉండొచ్చు. ఇన్నేళ్ల తర్వాత ఖాయంగా చెప్పలేను” అంది డాక్టరమ్మ మెల్లగా. “కానీ ఒకటి మాత్రం ఖాయంగా చెప్పగలను. అది తప్పు చేసిన గుర్తు కాదు. ఎవరైనా అలా అన్నారంటే, వాళ్లకి తెలియక అన్నారు.”

అమ్మ తల ఊపింది. చాలాసేపు ఊపుతూనే ఉంది.

బయటకొచ్చాక క్లినిక్కు పక్క అరుగు మీద ఇద్దరూ కూలబడ్డారు. పిచ్చుక అమ్మ వైపు తిరిగింది. “అమ్మా, నేను నిన్ను...” అని మొదలుపెట్టింది.

“నాకు తెలుసులేవే.”

“ఏం తెలుసు?”

“తలుపు చాటు నుంచి చూసేదానివిగా. నీ జడ రిబ్బను బయటికి కనబడుతూ ఉండేది.” అమ్మ నవ్వబోయింది, నవ్వు కుదరక మొహం అటు తిప్పుకుంది. “నిన్నేమనను చెప్పు? నాకే ఒక్కోసారి అనుమానం వచ్చేది... నిద్దట్లోనైనా ఏమైనా పాపం చేశానా, పోయిన జన్మలో చేశానా అని. చేయనిదాన్ని నేనే నమ్మలేకపోతే, నువ్వేం నమ్ముతావు!”

ఆ మాటకి పిచ్చుక అమ్మ ఒళ్లో తల పెట్టుకుని, వీధిలో జనం చూస్తున్నారని కూడా మరిచిపోయి, చిన్నపిల్లలా ఏడ్చింది.

భర్త వెంటనే నమ్మలేదు. “షుగరుకీ దీనికీ లంకె ఏమిటి? నీ డాక్టరమ్మ నిన్ను వెనకేసుకొస్తోంది. ల్యాబు రిపోర్టు రానీ, చూద్దాం” అన్నాడు. కొన్నాళ్లకి రిపోర్టు వచ్చింది. అందులో బూజు తప్ప ఇంకే జబ్బూ లేదని తేలింది. క్లినిక్కులో డాక్టరమ్మ ఆయన్ని ఒంటరిగా కూర్చోబెట్టి ఏం చెప్పిందో గానీ, బయటకి వచ్చేసరికి చెవులు ఎర్రబడి ఉన్నాయి.

ఇంటికొచ్చి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడి, “పొరపాటైంది పిచ్చుకా” అన్నాడు.

“పొరపాటంటే కూరలో ఉప్పు రెండుసార్లు వేయడం! మీరు నన్నడిగింది పొరపాటా?”

“నువ్వు మాత్రం నా చొక్కాలు వాసన చూడలేదూ? నేను చూడలేదనుకున్నావా?”

ఆమె ఉలిక్కిపడింది. ఆ తర్వాత తలెత్తి సూటిగా చూసింది. “చూశాను. అనుమానించాను. కానీ అమ్మ వినేలా, వీధి వినేలా ముందుగా మాట వేసింది నేను కాదు. మా నాన్న వేసిన ఒక్క మాటకి మా అమ్మ బతుకంతా తల దించుకుని నడిచిందండీ! గోడవారగా నడుస్తుంది, ఎప్పుడైనా గమనించారా? రోడ్డు మధ్యలో నడవడం ఆవిడకి చేతకాదు!”

ఆయన వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్లి, “అత్తయ్యా...” అన్నాడు. ఇంకేమీ అనలేకపోయాడు. అమ్మ వెనక్కి తిరగకుండానే, “దానికి మాత్రలు వేళకి వేసుకునే అలవాటు లేదు నాయనా. నువ్వే గుర్తు చేస్తూ ఉండు” అంది. ఆ వారమే ఆయన పక్క ముందుగది నుంచి లోపలికి మారింది. మారింది గానీ, పిచ్చుక మొహం ఇంకా గోడ వైపే ఉంది. అది తిరగడానికి కొన్నాళ్లు పడుతుందని ఆయనకి అర్థమైంది. ఓపిగ్గా మాత్రలూ నీళ్లూ అందిస్తూ వచ్చాడు.

ఒక మధ్యాహ్నం పిచ్చుక కుట్టు కేంద్రం నుంచి సెలవు పెట్టి నాన్న దగ్గరికి వెళ్లింది. ఊరికి ఆ చివర ఆయనకి సైకిళ్ల షాపు. దాని వెనక గదిలోనే ఒంటరిగా ఉంటాడు. మళ్లీ పెళ్లి చేసుకోలేదు. ముక్కాలి పీట మీద కూర్చుని చక్రం వంకర తీస్తున్నాడు. ఒక పాదానికి కట్టు.

“నాన్నా, నాకు షుగర్ వచ్చింది.”

“అయ్యో! నీకూ వచ్చిందా...” అన్నాడు, చక్రాన్ని తిప్పుతూనే.

“దాంతోపాటు ఇంకొకటి వచ్చింది. అమ్మకి వచ్చిందే, అది. డాక్టరమ్మ షుగర్ వల్లే అంది. తప్పు వల్ల కాదట.” ఒక్క అడుగు ముందుకి వేసింది. “అమ్మ ఏ తప్పూ చేయలేదు నాన్నా! నువ్వు అన్యాయంగా...”

చక్రం తిరిగి తిరిగి ఆగింది. ఆయన తలెత్తలేదు.

“తెలుసమ్మా.”

“ఏం తెలుసు?”

“నాకు షుగర్ బయటపడిన ఏడు... నాకూ ఆ మంట వచ్చింది. ఒంటరిగా బతుకుతున్నవాణ్ణి. ఏ మనిషి నీడా పడలేదు నా మీద. డాక్టరుతో అదే అన్నాను, ‘నాకెలా వస్తుందండీ’ అని. షుగర్ ఉంటే వస్తుందయ్యా అన్నాడు. ఆ ఆసుపత్రి మెట్ల మీద కూలబడిపోయాను.”

“ఎప్పుడు?” అంది పిచ్చుక.

“నీ పెళ్లికి ముందు.”

“అంటే... నా పెళ్లిలో అమ్మ ఎదురుపడితే మొహం తిప్పుకున్నావే, అప్పటికే నీకు తెలుసా!”

“తెలిసే తిప్పుకున్నాను. ఏ మొహం పెట్టుకుని చూడను దాన్ని?”

“అది చూసి నేనేమనుకున్నానో తెలుసా నాన్నా? అమ్మదే తప్పనుకున్నాను! నీ సిగ్గు దాచుకోవడానికి మా అమ్మని నా దగ్గర దోషిని చేశావు!” పిచ్చుక అరిచిన అరుపుకి పక్క షాపులో రేడియో గొంతు తగ్గింది. ముసలాయన చేతిలోని స్పానరు కింద పెట్టి, రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

ఇంటికొచ్చి అమ్మకి చెప్పేసరికి అమ్మ బఠాణీలు ఒలుస్తోంది.

“ఆయనకి తెలుసటే?”

“తెలుసు.”

“ఎప్పటి నుంచి?”

“నా పెళ్లికి ముందు నుంచి.”

అమ్మ వేళ్లు ఆగిపోయాయి. అంత కోపం అమ్మ మొహంలో పిచ్చుక ఏనాడూ చూడలేదు! “ఈ మధ్యలో నేను పోయి ఉంటే? ఆ మాట నా మీద అలాగే ఉండిపోయేదేగా!” అంది. బఠాణీల పళ్లెం పక్కకి తోసేసింది. “చెప్పు మీ నాన్నకి. వచ్చి నాతో చెప్పక్కర్లేదు. నాకెలాగూ తెలుసు నేనేమిటో. ఆ రోజు ఎక్కడ నిలబెట్టి అన్నాడో అక్కడికి రమ్మను. వాళ్ల అక్క ఇంకా ఆ ఇంట్లోనే ఉందిగా. అందరి ముందూ అన్నాడు, అక్కడే చెప్పమను.”

ఆయన వచ్చాడు. ఆదివారం పొద్దున, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, కుంటుకుంటూ వచ్చాడు. వరస ఇళ్ల వాకిలి మారలేదు. పంపు దగ్గర బిందెలు, తీగ మీద బట్టలు. కానీ ఆనాటి మనుషులు ఎవరూ లేరు. ఆ ఇళ్లలో కొత్త కాపురాలు. మిగిలింది నాన్న అక్కగారు, పెద్దత్త ఒక్కతే, వాకిట్లో కుర్చీ వేసుకుని ఎండకి కూర్చుని ఉంది. అమ్మ గేటు అవతలే ఆగిపోయింది. పిచ్చుక ఆమె మోచెయ్యి పట్టుకుని నిలబడింది.

నాన్న అక్కగారి ముందు నిలబడి, నేల చూస్తూ గొణిగాడు. “అక్కా... ఆ రోజు దాని తప్పేం లేదు...”

“తలుపా?” అంది పెద్దత్త. ఆవిడకి చెవులు బొత్తిగా పోయాయి. “తీసే ఉందిగా, వెళ్లు లోపలికి!”

“తలుపు కాదక్కా... తప్పు... నా భార్య...”

“ఆఁ? ఎవరూ? కాస్త గట్టిగా ఏడువు!”

నాన్న చుట్టూ చూశాడు. పంపు దగ్గర బిందె పట్టుకున్న ఇల్లాలు, మెట్ల మీద షేవింగ్ చేసుకుంటున్న ఒకతను ఇటే చూస్తున్నారు. గేటు దగ్గర అమ్మ కదల్లేదు. ఆయన గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు.

“నా భార్య ఏ తప్పూ చేయలేదక్కా! దానికి వచ్చింది జబ్బు! నేనే లేనిపోని నింద వేశాను! నాకు తెలిసి కూడా ఏళ్ల తరబడి నోరు మూసుకున్నాను!”

పై అంతస్తులో కిటికీ తలుపు తెరుచుకుంది. బిందె నిండి నీళ్లు పొర్లిపోతున్నా ఆ ఇల్లాలు పంపు కట్టలేదు.

పెద్దత్త ఈసారి విన్నది. గేటు వైపు కళ్లు చికిలించి చూసి, “అది వచ్చిందా? ఓసి పిచ్చిదానా, అక్కడే నిలబడ్డావేం! నేనూ నమ్మానే... నా కళ్ల ముందే నువ్వు పిల్లని పట్టుకుని వెళ్లిపోతుంటే, ‘ఆగు’ అని ఒక్క మాట అనలేదే నేను!” అని బావురుమంది.

అమ్మ లోపలికి వచ్చి, ఆవిడ కళ్లు తన కొంగుతో తుడిచింది. “ఊరుకో వదినా” అంది. ఎంత మెల్లగా అన్నా, ఆ మాట మాత్రం ఆవిడకి ఒక్కసారికే వినబడింది.

నాన్న గొంతు సవరించుకుని, “మీరిద్దరూ వెళ్లిపోతారా? నేను... నన్నూ రమ్మంటావా?” అని అడిగాడు, చిన్నపిల్లాడు అడిగినట్టు.

అమ్మ ఆయన్ని తేరిపార చూసింది. నెరిసిన గడ్డం, కట్టు కట్టిన పాదం... ఎన్నేళ్లయిందో ఆ మొహం అలా చూసి!

“వద్దండీ. మీరు చెప్పాల్సింది చెప్పారు. నేను వినాల్సింది విన్నాను. కలిసి ఉండే వయసంతా విడిగా గడిచిపోయింది, ఇప్పుడు కొత్తగా ఏం నేర్చుకుంటాం? ఆ కాలు అశ్రద్ధ చేయకండి. పిల్ల చూపించుకునే డాక్టరమ్మ మంచిది. ఒకసారి వచ్చి చూపించుకోండి” అంది. ఆ గొంతులో కోపం లేదు. పిలుపూ లేదు.

తిరుగు బస్సులో అమ్మకి కిటికీ పక్క సీటు దొరికింది. కాసేపు బయటికి చూసింది. పాప ఏం తిందో, మధ్యాహ్నం మాత్ర వేసుకోవడం నువ్వు మరిచిపోయావా లేదా అని అడిగింది. పిచ్చుక సంచీలోంచి మాత్ర తీసి వేసుకుంటూ ఉండగానే అమ్మ తల మెల్లగా ఆమె భుజం మీద వాలిపోయింది. నోరు కొద్దిగా తెరిచి, చిన్న గురకతో, ఒళ్లు తెలియని నిద్ర... పట్టపగలు, నలుగురిలో అమ్మ ఇలా నిద్రపోవడం పిచ్చుక పుట్టి ఎరగదు!

తమ స్టాపు వచ్చింది. కండక్టరు వెనక్కి తిరిగి, “అమ్మా, దిగాలిగా మీరు?” అన్నాడు.

పిచ్చుక పెదవుల మీద వేలు పెట్టుకుని, వద్దన్నట్టు తల ఊపింది.

“ఇంకో రెండు టిక్కెట్లు ఇవ్వండి. చివరిదాకా” అంది గుసగుసగా.